రంగం నుంచి నడిచొచ్చిన ముత్తాత, మా ఇంటి ఆగస్టు 15

ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మే 8వ తేదీని ఇంట్లో పిల్లలతో కలిసి ఎలా జరుపుకోవాలని, బ్రిటన్‌లో ఉంటున్న తల్లిగా మీరు అడిగారు. నేనూ ఇక్కడే ఇద్దరు పిల్లలను పెంచుతున్నాను కాబట్టి మా ఇంట్లో జరిగినదే చెబుతాను. రంగు కాగితాల తోరణాలు కత్తిరించడం మొదలుపెట్టకముందే, మీ కుటుంబంలో అందరికన్నా పెద్దవారు ఎవరుంటే వారికి ఫోన్ చేయండి. మే 8 మీ ఇంటి తేదీ అవునో కాదో అప్పుడు తెలుస్తుంది. మా ఇంటి తేదీ కాదని నాకు 2020లో తెలిసింది.

ఆ సంవత్సరం 75 ఏళ్లు నిండుతున్నాయని ఇక్కడి ప్రభుత్వం మే మొదటి సోమవారం ఇవ్వవలసిన సెలవును 8వ తేదీ శుక్రవారానికి మార్చింది. తీరా లాక్‌డౌన్ రావడంతో వీధి విందులన్నీ ఆగిపోయి, ఎవరి గుమ్మం ముందు వారే కుర్చీలు వేసుకుని కూర్చోవలసి వచ్చింది. పిల్లల బడి నుంచి వచ్చిన కాగితంలో ఎరుపు, తెలుపు, నీలం తోరణాలు కట్టమని, స్కోన్లనే చిన్న తియ్యరొట్టెలు చేయమని, అట్టముక్కతో పతకం తయారు చేయమని ఉంది. వాటిలో నాకు నచ్చిన పని ఒక్కటే: యుద్ధకాలంలో ఒక మనిషికి వారానికి ఇచ్చిన రేషన్‌ను తూచి బల్ల మీద పెట్టడం. సుమారు 50 గ్రాముల వెన్న, 50 గ్రాముల టీపొడి, 225 గ్రాముల చక్కెర, ఒక్క గుడ్డు. అప్పటికి తొమ్మిదేళ్ల వయసున్న నా కూతురు ఆ గుడ్డును చేతిలోకి తీసుకుని, వారం మొత్తానికి ఇదొక్కటేనా అని రెండుసార్లు అడిగింది. తోరణం కట్టినప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగని పిల్ల గుడ్డును చూసి అడిగిందంటే, యుద్ధాన్ని పిల్లలకు తిండితోనే చెప్పాలని నాకు అప్పుడే స్థిరపడిపోయింది.

ఉదయం పదకొండు గంటలకు దేశమంతా రెండు నిమిషాల మౌనం పాటించాలి. మేము నలుగురం గుమ్మంలో నిలబడి ఉండగా సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ముందురోజు తెల్లవారుజామున విశాఖపట్నంలో ఒక కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి మనుషులు చనిపోయారు. మహారాణిపేటలో ఉన్న మా అమ్మమ్మ ఇల్లు ఆ చోటికి దూరమే అయినా మాకు దిగులు తీరక, అప్పటికి పదిసార్లయినా మాట్లాడి ఉంటాము. అందుకే ఆ మౌనంలోనూ ఫోన్ తీయకుండా ఉండలేకపోయాను. తెర మీద అమ్మ, పక్కన మధ్యాహ్నం నిద్ర లేచి కూర్చున్న అమ్మమ్మ కనబడ్డారు. నా కూతురు పెదవుల మీద వేలు పెట్టి వాళ్లిద్దరినీ మాట్లాడవద్దని సైగ చేసింది. ఎనభై ఏడేళ్ల అమ్మమ్మ ఏమీ అర్థం కాకపోయినా ఆ రెండు నిమిషాలూ చేతులు కట్టుకుని కూర్చుంది.

సమయం అయిపోయాక నా కూతురు తన వచ్చీరాని తెలుగులో, "యుద్ధం అయిపోయింది కదా తాతమ్మా, అందుకని" అని చెప్పింది.

"ఏ యుద్ధం తల్లీ, జపానువాడిదా?" అని అడిగింది అమ్మమ్మ. "నిన్న టీవీలో జనం ఊపిరాడక పరిగెత్తుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. వాడు బాంబులేసిన రోజు మేమూ అలాగే పరిగెత్తాం."

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. ఈ సంగతి నాకు పుస్తకంలో రెండు ముక్కలుగా తెలుసు. మా అమ్మమ్మ తొమ్మిదేళ్ల పిల్లగా ఆ రోజు ఆ ఊళ్లోనే ఉందని మాత్రం నలభై ఏళ్ల వయసు వచ్చేదాకా నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రోజు వాళ్లు కట్టుబట్టలతో బయలుదేరి, దొరికిన ఎడ్లబండి ఎక్కి విజయనగరం వైపు పల్లెకు చేరారట. అంతకు పక్షం రోజుల ముందే ఆమె తండ్రి రంగం నుంచి ఇంటికి వచ్చాడట. రంగం అంటే బర్మాలోని రంగూన్. మన కోస్తా జిల్లాల నుంచి వేలాది మంది కూలి కోసం ఓడలెక్కి వెళ్లిన ఊరు అది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే బర్మావారు మనవాళ్లను కొరంగీలని పిలిచేవారు. 1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాక అక్కడి భారతీయులు లక్షల్లో ఇంటిదారి పట్టారు. మా ముత్తాత, ఆయన బావమరిది ప్రోమ్ దాకా వచ్చి, అక్కడి నుంచి తౌంగుప్ కనుమ మీదుగా 150 కిలోమీటర్లకు పైబడిన కొండదారిని కాలినడకన దాటారు. ఆ దారిలో కలరా రేగింది. బావమరిది అక్కడే పోయాడు. ముత్తాత అక్యాబ్, చిట్టగాంగ్, కలకత్తా మీదుగా విశాఖపట్నంలోని వాల్తేరు స్టేషనులో దిగేసరికి పాదాలు వాచి, ఇంటివారు గుర్తుపట్టలేనట్టుగా ఉన్నాడట.

"రంగంలో తప్పించుకొచ్చిన బాంబులు మా నాయన వెనకాలే ఇంటికొచ్చాయి" అంది అమ్మమ్మ.

యుద్ధం అయిపోయిన రోజు మీరేం చేశారని నా కూతురు అడిగింది. "ఎప్పుడయిపోయిందో మాకెవరు చెప్పారమ్మా? కంట్రోలు మాత్రం అయిపోలేదు" అని ఆమె జవాబిచ్చింది. బర్మా బియ్యం రావడం ఆగిపోయాక బియ్యానికీ కిరసనాయిలుకీ గుడ్డకీ వచ్చిపడిన కంట్రోలు, అంటే రేషన్, 1945 తరువాత కూడా ఏళ్ల తరబడి ఉండిపోయింది. ఇక్కడ బ్రిటన్‌లోనూ రేషన్ పూర్తిగా ఎత్తివేసింది 1954లోనే. పుస్తకాలు చెప్పే తేదీ ఒకటి, వంటింటికి తెలిసిన తేదీ మరొకటి. మీరు పిల్లలకు ఏం చెప్పకపోయినా ఇది మాత్రం చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ మధ్యాహ్నం మూడు గంటలకు, 1945 మే 8న చర్చిల్ చేసిన ప్రసంగాన్ని మళ్లీ ప్రసారం చేశారు. జపాన్ ఇంకా లొంగలేదని ఆయన అందులోనే చెప్పారు. అది వినగానే నా కూతురు, అయితే తాతమ్మ యుద్ధం ఇంకా అయిపోలేదన్నమాట అని, తాను కట్టిన తోరణాన్ని విప్పి ఆగస్టుకు దాచింది.

ఆ ఏడాది ఆగస్టు 15న, అంటే జపాన్ లొంగిపోయి 75 ఏళ్లు నిండిన రోజున, మేము చేసిన పనులివి. హాలు నేల మీద నాలుగు పెద్ద కాగితాలు అతికించి బంగాళాఖాతం చుట్టూ పటం గీశాము. రంగం నుంచి వాల్తేరు దాకా ముత్తాత వచ్చిన దారిని పిల్లలిద్దరూ ఎర్రదారంతో పరిచి, ప్రతి మజిలీ దగ్గర అమ్మమ్మ చెప్పిన మాటను తెలుగులోనే రాశారు. మధ్యాహ్నం స్కోన్లకు బదులు చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, ఉప్పుమిరపకాయ తిన్నాము. కొడుకు రెండు గుక్కలు తాగి వద్దన్నాడు, నేను బలవంతపెట్టలేదు, కానీ సాయంత్రం వరకు వేరే ఏదీ పెట్టలేదు. చీకటి పడ్డాక, బాంబులేసే విమానాలకు వెలుతురు కనబడకుండా అప్పట్లో చేసినట్టే, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒక్క లాంతరుకు నల్లకాగితం చుట్టి, గంటసేపు ఆ వెలుతురులో కూర్చున్నాము. పిల్లలు దేనికైనా భయపడ్డారంటే దానికే, అందుకే మీ పిల్లలు మరీ చిన్నవారైతే ఈ పని వద్దు.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోకుండా ఉండలేను. విదేశాల్లో మన సంఘాలు ఆగస్టు 15 అనగానే 1947 గురించి మాట్లాడి ముగిస్తాయి. జపాన్ లొంగుబాటుకు రెండో వార్షికం కాబట్టే ఆ తేదీని ఎంచుకున్నానని మౌంట్‌బాటన్ స్వయంగా చెప్పుకున్నా, 1945 ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ యుద్ధంలో భారత సైన్యంలో 25 లక్షల మంది పనిచేశారు, 87 వేల మందికి పైగా చనిపోయారు. ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్లిన పశ్చిమ గోదావరిలోని మాధవరాన్ని మిలటరీ మాధవరమని ఎందుకంటారో ఇక్కడ పుట్టిన మన పిల్లల్లో ఎందరికి తెలుసు? సైనికుల పేర్లయినా రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. తౌంగుప్ కొండల్లో పోయిన కూలీల పేర్లను ఇంటివారు రాసుకోకపోతే ఇంకెక్కడా దొరకవు. అమ్మమ్మ మేనమామను ఇంట్లో అందరూ చినమావ అనేవారు. ఆయన అసలు పేరు ఆమెకు గుర్తు లేదు. మా పటం మీద తౌంగుప్ దగ్గర పిల్లలు చినమావ అనే రాశారు.

బడి అడిగిన మే 8 పనిని మీరు తప్పకుండా చేయించండి, రేషన్ తూచే పని అందులో ఉంటే మరీ మంచిది. మీ పెద్దవారికి ఫోన్ చేసినప్పుడు మాత్రం యుద్ధం గురించి చెప్పమని అడగకండి, వారికి ఏమీ తోచదు. అప్పుడు ఏం తిన్నారని, ఇంటికి ఎవరు తిరిగి రాలేదని అడగండి. చోడిపిండిని ముందురోజు రాత్రే నీళ్లలో కలిపి పులియబెట్టాలి, లేకపోతే అంబలికి ఆ రుచి రాదు. మేము మాత్రం ప్రతి ఆగస్టు 15న పదకొండు గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చుంటాము. అప్పటికి విశాఖపట్నంలో మధ్యాహ్నం మూడున్నర, అమ్మమ్మ నిద్ర లేచే వేళ.