నోటితో అంటే అదే జరుగుతుందా?

ప్రశ్న: మా ప్రేయర్ గ్రూప్‌లో ఒక అక్క ఉన్నారు, జ్వరంగా ఉందన్నా కూడా "అలా నోటితో అనకు తల్లీ, జీవమరణములు నాలుక వశము అని రాసుంది కదా" అంటారు. దాంతో బాధ చెప్పుకోవాలన్నా భయమేస్తోంది. ఇది కరెక్టేనా అండీ?

జవాబు: ఆ వాక్యం సామెతలు 18:21లో ఉన్నదేనమ్మా, కానీ దాన్ని మంత్రంలా వాడితేనే తేడా వస్తుంది. జ్వరాన్ని జ్వరం అంటే అవిశ్వాసం ఎలా అవుతుంది? అపొస్తలుడు పౌలు గారే తన తోటి సేవకుడు ఎపఫ్రొదితు చావుకి దగ్గరగా జబ్బు పడ్డాడని ఫిలిప్పీ సంఘం వాళ్లకి ఓపెన్‌గా రాశారు, తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బు సంగతీ రాశారు, దావీదైతే 13వ కీర్తనలో ఎన్నాళ్లు నన్ను మర్చిపోతావని దేవుణ్ణే అడిగేశాడు. మీరూ అడగండి, ఏం కాదు.

నాలుక గురించి బైబిల్ ఎక్కువగా భయపడేది వేరే చోట. యాకోబు పత్రిక 3వ అధ్యాయం చదవండి, గుర్రం నోటికి కళ్లెం, ఓడకి చుక్కాని, అడవిని తగలబెట్టే చిన్న నిప్పు, ఇవన్నీ చెప్పి చివరికి వచ్చేది ఎక్కడికంటే ఒకే నోటితో దేవుణ్ణి స్తుతించి అదే నోటితో మనుషుల్ని శపిస్తామని. ఆదివారం ఆరాధనలో కన్నీళ్లు, ఇంటికొచ్చాక కూర లేటయిందని కోడలి మీద అరుపులు, మార్కులు తగ్గితే పిల్లాణ్ణి "ఎందుకూ పనికిరావు" అనడం (నేనూ అన్నాను, వాడు ఇప్పటికీ గుర్తు చేస్తాడు). ఇక చర్చి గేటు దగ్గర "ప్రేయర్ చెయ్యండి" అంటూ పక్కింటి గుట్టు విప్పడం సంగతి సరే.

ఈసారి జ్వరమొస్తే ఆ అక్కకే చెప్పి, ప్రార్థన చెయ్యమనండి, డాక్టర్ దగ్గరికి తోడు కూడా రమ్మనండి.