ఆర్గస్ వినే పద్ధతి

చి. కీర్తనకు,

మావయ్య ఆశీస్సులు. విష్‌బోన్ యాష్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ 1972లో తెచ్చిన ఆల్బమ్ ఆర్గస్ ఒకసారి విన్నావనీ, పెద్దగా ఎక్కలేదనీ, పాడేవాళ్ళ గొంతులో పస లేదనీ మెసేజ్ పెట్టావు. గొంతుల సంగతి నిజమే. విష్‌బోన్ యాష్‌లో లెడ్ జెప్పెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ లాంటివాడు గానీ డీప్ పర్పుల్ గాయకుడు ఇయాన్ గిల్లన్ లాంటివాడు గానీ లేడు. గొంతులు కలిపి మెత్తగా, కాస్త మొహమాటంగా పాడతారు. కాబట్టి గాయకుడి కోసం వెతుక్కుంటూ వింటే ఈ ఆల్బమ్ ఎన్నిసార్లు విన్నా చిక్కదు. ఇందులో అసలు పాడేవి రెండు గిటార్లు. చెవి వాటికి అప్పగించు.

ఆ రెండూ ఒకచోటికి చేరిన కథ తమాషాగా ఉంటుంది. 1969లో మార్టిన్ టర్నర్, స్టీవ్ అప్టన్ లండన్‌లో గిటారిస్టు కావాలని ప్రకటన ఇచ్చారు. మార్టిన్ బేస్ గిటార్, స్టీవ్ డ్రమ్స్. ఆడిషన్లన్నీ అయ్యేసరికి ఆండీ పావెల్, టెడ్ టర్నర్ అని ఇద్దరు మిగిలారు. ఎవరిని వదులుకోవాలో తేలక ఇద్దరినీ తీసేసుకున్నారు. (ఇద్దరు టర్నర్లకీ చుట్టరికం ఏమీ లేదు, నువ్వు అడుగుతావని ముందే చెప్తున్నా.) ఆ రోజుల్లో రెండు గిటార్లున్న బ్యాండ్లలో చాలావరకు ఒకరు సోలో వాయిస్తుంటే రెండోవాళ్ళు వెనక కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటడం) పట్టేవాళ్ళు. వీళ్ళిద్దరూ ముందుకొచ్చి నిలబడ్డారు. ఒకే ట్యూన్‌ని ఒకరు పై స్వరాల్లో, ఒకరు కింది స్వరాల్లో పట్టుకున్నారు. జంటకవుల పద్యంలో ఏ పాదం ఎవరు చెప్పారో మనకి తెలియనట్టే, ఇక్కడా కాసేపటికి ఎవరిది ఏ లైనో పోల్చుకోలేం.

నువ్వు ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బ్యాండ్ అంటే పడిచస్తావు కదా. అందులో నీకు నచ్చే ఆ జంట గిటార్ల పరుగుకి మూలం వెతికితే వీళ్ళ దగ్గరికే వస్తావు. మెయిడెన్ బేసిస్టు స్టీవ్ హారిస్ ఆ మాట దాచుకోలేదు. ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఆర్గస్‌కి సౌండ్ ఇంజినీర్ మార్టిన్ బర్చ్. 1981లో కిల్లర్స్ నుంచి మెయిడెన్ ఆల్బమ్స్ ప్రొడ్యూస్ చేసిందీ ఆయనే. అలాగని దీన్ని మెయిడెన్‌కి తాతగారి ఫోటోలా చూడకు. ఎవరికి దారి చూపించింది అన్న లెక్కతో వింటే బుర్రకి పని, చెవికి పస్తు.

ఇక వినే పద్ధతి. ఫోన్ స్పీకర్ మీద వద్దు, అందులో కింది గిటార్ మాయమైపోతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకో. మొదటి పాట టైమ్ వాజ్‌తో మొదలుపెట్టకు. అది తొమ్మిది నిమిషాల పైచిలుకు పాట, మొదటి మూడు నిమిషాలు అకూస్టిక్ గిటార్‌తో తాపీగా నడుస్తుంది. కొత్తవాళ్ళు అక్కడే జారుకుంటారు, నువ్వూ అక్కడే జారుకున్నావని నా అనుమానం. ముందు బ్లోయిన్ ఫ్రీ పెట్టు. మార్టిన్ టర్నర్ ఒక స్వీడన్ అమ్మాయిని తలుచుకుని రాసిన పాట. హుషారుగా మొదలై, మధ్యలో ఉన్నట్టుండి కలలోకి జారినట్టు నెమ్మదిస్తుంది, మళ్ళీ లేస్తుంది. గిటార్లు జంటగా వచ్చినప్పుడు పై లైను ఎలాగూ వినిపిస్తుంది, అందరూ దాన్నే కూనిరాగం తీస్తారు. నువ్వు కింది లైను పట్టుకో. దొరక్కపోతే వెనక్కి జరిపి మళ్ళీ విను. అది నోటికి వచ్చాక నీ గిటార్ మీద వాయించు, పై లైను వాళ్ళకి వదిలెయ్. ఈ ఒక్క పని చేస్తే మిగతా ఆల్బమ్ సగం అర్థమైనట్టే.

తర్వాత సమ్‌టైమ్ వరల్డ్. దిగులుగా మొదలవుతుంది. సగంలో పాట పరుగందుకుంటుంది, అక్కడ్నుంచి బేస్‌ని వెంబడించు. మార్టిన్ టర్నర్ బేస్‌ని మూడో గిటార్‌లా వాడుకున్నాడు.

ఎల్పీ రికార్డుకి రెండో వైపున్న నాలుగు పాటలూ మాత్రం వరసగా, మధ్యలో ఆపకుండా వినాలి. ద కింగ్ విల్ కమ్ దూరం నుంచి కవాతు దగ్గరపడుతున్నట్టు డ్రమ్స్‌తో వస్తుంది. లీఫ్ అండ్ స్ట్రీమ్ నిదానం పాట, నాకు మరీ అంత గొప్పగా అనిపించదు, కానీ తర్వాత వచ్చే గోలకి ముందు ఆ మాత్రం నిశ్శబ్దం కావాలి. వారియర్‌లో కత్తి పట్టడం, త్రో డౌన్ ద స్వోర్డ్‌లో కత్తి దించడం. ఈ చివరి పాటలో ఆర్గన్ వినిపిస్తుంది, రెనెసాన్స్ బ్యాండ్ జాన్ టౌట్ వచ్చి వాయించాడు. ముగింపులో రెండు గిటార్లు ఈసారి జతగా కాదు, దేని దారిన అది పోతూ ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. గెలిచినవాడి పాటలా ఉండదది, అలిసిపోయినవాడి పాటలా ఉంటుంది. అక్కడ వాల్యూమ్ కొంచెం పెంచు.

కవర్ కూడా పూర్తిగా చూడు. పింక్ ఫ్లాయిడ్ కవర్లు చేసిన హిప్నోసిస్ వాళ్ళదే. ఫోన్‌లో హెల్మెట్ పెట్టుకుని లోయకేసి చూస్తున్న సైనికుడొక్కడే కనిపిస్తాడు. వెనక అట్ట వెతికి చూస్తే, ఆకాశంలో చిన్న ఫ్లయింగ్ సాసర్ ఉంటుంది!

ఇది నిజంగా అంత మంచి ఆల్బమ్ అయితే ఎవరూ మాట్లాడరేం అని కూడా అడిగావు. 1972లో బాగానే మాట్లాడారు. బ్రిటన్ చార్టులో 3వ స్థానం దాకా వెళ్ళింది, సౌండ్స్ అనే బ్రిటిష్ సంగీత పత్రిక పాఠకులు ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ఎన్నుకున్నారు. తర్వాతే రెంటికీ చెడ్డ రేవడి అయింది. కీబోర్డుల హంగామా లేదని ప్రోగ్ (ప్రోగ్రెసివ్ రాక్) వాళ్ళు చేరదీయలేదు, అరుపులు లేవని హార్డ్ రాక్ వాళ్ళు పట్టించుకోలేదు. పైగా 1974లో టెడ్ టర్నర్ వెళ్ళిపోయాడు.

ఒక జాగ్రత్త. 2002లో వచ్చిన సీడీ మార్టిన్ టర్నర్ కొత్తగా రీమిక్స్ చేసినది, అంటే పాత రికార్డింగునే వాద్యాల పాళ్ళు మార్చి మళ్ళీ కలిపినది. చెడ్డదేం కాదు గానీ ముందు పాత మిక్స్ విను. ఇది పట్టుబడ్డాక 1970 నాటి మొదటి ఆల్బమ్‌లో ఫీనిక్స్ విను, పది నిమిషాల పాట, వీళ్ళ లైవ్ షోలకి ప్రాణం. 1973 నాటి విష్‌బోన్ ఫోర్ జోలికి ఇప్పుడే పోకు. ఆ కింది లైను వాయించి రికార్డు చేసి పంపు, తప్పులుంటే ఉండనీ. పరీక్షలయ్యాకే సుమా, లేకపోతే మీ అమ్మ నన్ను తిడుతుంది.

మీ మావయ్య