పిప్పి ఎవరిది, పెంట ఎవరిది

చి. లావణ్యకు,
పెదనాయన ఆశీస్సులు.

ఒపోసంలూ గబ్బిలాలూ ఒకే పండ్లు తింటాయని చదివి, ఇక్కడ ఏ జంతువు ఏ పండు తింటుందో చూసే అట్లాంటి పనే మన తోపులో చేస్తానని రాసినావు. చెయ్. ఒపోసం అమెరికా ఖండాల జంతువు, మనకు లేదు. అక్కడి అడవుల్లో సెక్రోపియా అనే చెట్టు పండ్లకు రెండూ ఎగబడతాయి. మన చిత్తూరు పక్క అయితే గబ్బిలానికి జోడీ పునుగు పిల్లే.

రాత్రి టార్చి పట్టుకొని కాపు కాయడం తర్వాత. ముందు తెల్లారి చెట్ల కింద చూడు. గబ్బిలం పండు నమిలి, రసం మింగి, పిప్పిని ఉండ చేసి ఉమ్మేస్తుంది. జామచెట్టు కింద దొరకలేదని వదిలెయ్యొద్దు. చిన్న గబ్బిలం కాయ తెంపుకొని వేరే మానుకు పోయి తింటుంది. చింతమాను కింద జామ పిప్పి కనబడిందంటే దాని పనే. పునుగు అట్లా కాదు. నేరేడు పండును గింజతో సహా మింగేసి బండమీదో, పడిన మానుమీదో పెంట వేస్తుంది. గింజలు పగలకుండా గుత్తిగా ఉంటాయి. పుల్లతో విడదీసి లెక్కపెట్టు. ఎలుక వెంట్రుకలు, పురుగుల రెక్కలు తగిలితే అవీ రాసుకో. పండ్లు తినే గబ్బిలం ఎలుకల జోలికి పోదు కాబట్టి, ఒక పండు కలిసిందని రెండింటి తిండీ ఒకటే అనెయ్యకు.

అసలు కిటుకు మేడి, మర్రి పండ్లలో ఉంది. ఆ సన్న గింజలు రెండింటి కడుపులోంచీ బయటికొస్తాయి. గబ్బిలానికి గంట కూడా పట్టదు, ఎగురుతూనే రాల్చేస్తుంది. పునుగు నేలమీద, కొమ్మలమీద నడిచిన దారినే వేస్తుంది. మొలక లేచే చోటు మారేది ఇక్కడే. నాకైతే దీనిమీదే నీ పనంతా పెట్టుకోవాలనిపిస్తుంది.

తాటిచెట్లు కూడా చూడు. వేలాడే ఎండాకుల కింద చిన్న గబ్బిలాలు పగలు పడుకుంటాయి, పైన మట్టల సందులో పునుగు ఉన్నా ఉండొచ్చు. ఎవర్నీ ఎక్కించొద్దు, బైనాక్యులర్ చాలు.

గబ్బిలం ఎంగిలి ఉత్త చేత్తో ముట్టొద్దు, నిఫా వైరస్ సంగతి తెలుసు కదా. పెంటకూ గ్లౌజులే. తోపుకు నా మాట చాలు గానీ, శేషాచలంలో అడుగుపెట్టాలంటే ఫారెస్టోళ్ల కాగితం కావాలి. చిరుతలు తిరిగే చోటు, చీకట్లో ఒంటరిగా పోవద్దు. తిరుమల స్వామివారి సేవలో పునుగు తైలం వాడతారని ఊరందరికీ తెలుసు. ఆ పేరు చెప్పి పిల్లిని పట్టిస్తామని ఎవరన్నా వస్తే మాట కలపొద్దు, అది నేరం.

నేరేళ్లు రాలే జూన్‌లో రా. ముందురోజు ఫోన్ చేస్తే తోపు ఊడ్వద్దని పనోళ్లకు చెప్పిపెడతా.

మీ పెదనాయన