గ్వెన్‌లియన్ అనే పేరుకు అర్థమేమిటి?

ప్రశ్న: మధ్యయుగపు చరిత్ర చదువుతుండగా గ్వెన్‌లియన్ అనే రాకుమార్తె పేరు కనిపించింది. అది వేల్స్ దేశపు పేరని మాత్రం తెలిసింది. దాని అర్థం, పుట్టుక వివరించగలరా? దాన్ని ఎలా పలకాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇందులో రెండు వెల్ష్ మాటలున్నాయి. మొదటిదైన ‘గ్వెన్’కు తెల్లనిది, అందమైనది, పావనమైనది అనే మూడు అర్థాలూ ఉన్నాయి. దీని పుంలింగ రూపం ‘గ్విన్’. బ్రాన్‌వెన్ వంటి పేర్ల చివర వినిపించే ‘వెన్’ కూడా ఇదే. రెండో భాగం గురించి మాత్రం పండితులలో ఏకాభిప్రాయం లేదు. అవిసె నారతో నేసిన వస్త్రాన్ని తెలిపే ‘లియైన్’ నుంచి వచ్చిందని కొందరు, ప్రవాహమనే అర్థమున్న ‘లియాంట్’ నుంచి వచ్చిందని మరికొందరు అంటారు. లియాంట్ చివరనున్న ‘ట్’ ఈ పేరులో లేదు కనుక, మొదటి వివరణే సమంజసమని నా అభిప్రాయం.

ఇందులోని ‘ల’ మన లకారం కాదు. నాలుకను లకారానికి పెట్టే చోటనే ఉంచి, గొంతు కలపకుండా, ఊపిరిని నాలుక పక్కల నుంచి వదలాలి. ఊనిక ‘లి’ మీద పడాలి. ఇంగ్లీషు లేఖకులకు ఈ ధ్వని అందక, ఈ పేరును ‘వెన్సిలియన్’ అని కూడా రాశారు.

అర్థం ఎంత మృదువుగా ఉన్నా, ఈ పేరుకు గౌరవం తెచ్చింది దాన్ని ధరించిన స్త్రీలే. ఉత్తర వేల్స్‌లోని గ్వినెడ్ రాజ్యపు రాజు గ్రిఫిడ్ అప్ కనాన్ కుమార్తె గ్వెన్‌లియన్, భర్త ఊళ్లో లేని సమయంలో, 1136లో అప్పటికి ఇంగ్లండును ఏలుతున్న నార్మన్ల మీదికి స్వయంగా సైన్యాన్ని నడిపించి కిడ్వెలీ దగ్గర ప్రాణాలు కోల్పోయింది. ఆమె కుమారుడు రీస్ తన కుమార్తెకు ఆ పేరే పెట్టాడు. ఆ మనుమరాలి వంశంలోనే తరువాత ఇంగ్లండును ఏలిన ట్యూడర్లు పుట్టారు.

మీరు చదివిన రాకుమార్తె బహుశా 1282లో పుట్టిన గ్వెన్‌లియన్ అయి ఉంటుంది. ఆమెను కంటూ తల్లి ఎలనోర్ మరణించింది. అదే ఏడాది డిసెంబరు 11న తండ్రి, వేల్స్ ప్రభువు లువెలిన్ సిల్మెరీ దగ్గర హతుడయ్యాడు. ఆమెకు సంతానం కలిగితే వేల్స్ సింహాసనానికి వారసులు పుడతారన్న భయంతో ఇంగ్లండు రాజు ఒకటో ఎడ్వర్డ్ ఆ పసికందును దూరాన లింకన్‌షైర్‌లోని సెంప్రింగమ్ మఠానికి పంపాడు. నేరమేదీ చేయని ఆమె 1337లో మరణించేదాకా అక్కడే సన్యాసినిగా ఉండిపోయింది. ఆ చరిత్రలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

వేల్స్ ఆమెను మరచిపోలేదు. ఎరిరీ (స్నోడోనియా) పర్వత ప్రాంతంలోని 926 మీటర్ల శిఖరానికి 2009లో ‘కార్నెద్ గ్వెన్‌లియన్’ అని పేరు మార్చారు. వేల్స్ వెలుపల అరుదే అయినా, వెల్ష్ మాట్లాడే కుటుంబాలు ఆడపిల్లలకు ఈ పేరు ఇప్పటికీ పెడుతున్నాయి; ముద్దుగా గ్వెన్ అనీ గ్వెన్నో అనీ పిలుచుకుంటారు.