సమాధానం: పేజ్‌మేకర్ నుంచి లిబ్రెఆఫీస్‌కు మారితే అను ఆపిల్ లేఅవుట్ ఎలా?

అండీ, గుంటూరులో శుభలేఖల పని పేజ్‌మేకర్ నుంచి లిబ్రెఆఫీస్ రైటర్‌కు మార్చానన్నారు, వేళ్లేమో అను (తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్)లో అలవాటైన ఆపిల్ కీల లేఅవుట్‌నే వెతుక్కుంటున్నాయన్నారు. రైటర్లో షార్ట్‌కట్లు మార్చి లాభం లేదు. అక్షరాలిచ్చేది విండోస్.

మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్‌తో సొంత కీల అమరిక చేసుకోవచ్చు. అది ఉచితం, డాట్‌నెట్ 3.5 (విండోస్ అనుబంధ సాఫ్ట్‌వేర్) అడిగితే వేయండి. ఫైల్ మెనూలో 'లోడ్ ఎగ్జిస్టింగ్ కీబోర్డ్'తో తెలుగు తెరిచి, మీకు అలవాటైన చోట్లకు అక్షరాలు మార్చుకోండి. ఒక కీకి నాలుగు క్యారెక్టర్ల దాకా ఇవ్వొచ్చు. ట ఒత్తు కీలో పొల్లు, ట వరసగా పెట్టాలి. 'శ్రీ' సరిగ్గా నాలుగే, ఒక్క కీలో పడుతుంది. ప్రాజెక్ట్ మెనూలో 'బిల్డ్ డీఎల్ఎల్ అండ్ సెటప్ ప్యాకేజ్' నొక్కి ఇన్‌స్టాల్ చేసి, లాగాఫ్ అయి రండి. తర్వాత ఏ కీ మార్చినా పాతది అన్‌ఇన్‌స్టాల్ చేశాకే కొత్తది వేయాలి.

అసలు చిక్కు వరసలో ఉంది. అనులో 'చెట్టు'కు 'చెటు' కొట్టి ఆపైన ఒత్తు తగిలిస్తారు. రైటర్లో కొట్టే ప్రామాణిక అక్షర సంకేతం యూనికోడ్‌లో ట, ఒత్తు, ఆ తర్వాతే కొమ్ము. తిరగేస్తే ఒత్తు అతకదు, చుక్కల సున్నా కనిపిస్తుంది. లేఅవుట్ ఎంత మార్చినా ఇది తప్పదు, వేళ్లకే నేర్పాలి.

'సాఫ్ట్‌వేర్'లో ట్ కింద వ ఒత్తు పడకుండా కనబడకుండా అక్షరాలను విడదీసే జీరో విడ్త్ నాన్ జాయినర్‌కు ఒక కీ ఉంచుకోండి. రైటర్ ఆప్షన్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు తెలుగు ఎంచుకోండి. పాత అను ఫైళ్లకు ఫాంట్ మారిస్తే సరిపోదు, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేసి ప్రూఫ్ చూడాల్సిందే.