జాతి వివక్ష మీద ఊరేగింపులు ఏం సాధిస్తాయి, ఏం సాధించలేవు?

చట్టం తెప్పించగలవు. దాని అమలుకు కాపలా కాయడం మాత్రం వాటి వల్ల కాదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని సెల్మాలో 1965 మార్చి 7న నల్లజాతీయుల ఓటు హక్కు కోసం బయల్దేరిన సుమారు 600 మందిని వంతెన దాటగానే పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో తరిమారు. ఆ రాత్రే దేశం టీవీలో చూసింది. అంతటితో ఆగితే సానుభూతే మిగిలేది. ఉద్యమకారులు కోర్టుకెళ్లి అనుమతి తెచ్చుకున్నారు. రోడ్డు ఇరుకైన చోట 300 మందికి మించకూడదన్న షరతుతో సహా. 21న బయల్దేరి, 54 మైళ్లు నడిచి 25న రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీ చేరారు. ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది.

అంతకుముందు, 1961-62లో, జార్జియాలోని ఆల్బనీలో ఇదే పద్ధతి బెడిసికొట్టింది. జైళ్లు నింపేద్దామనుకున్నారు. పోలీసు అధిపతి లారీ ప్రిచెట్ గడుసువాడు: కెమెరాల ముందు చెయ్యి చేసుకోనివ్వలేదు, అరెస్టయినవాళ్లను చుట్టుపక్కల కౌంటీల జైళ్లకు సర్దేశాడు. పైగా బస్సులు, పార్కులు, లైబ్రరీ అన్నింట్లో వివక్ష ఒకేసారి తీసేయమని అడగడంతో ఒత్తిడి పలచబడింది. డిమాండు ఒక్కటే ఉండాలి, దాన్ని తీర్చగల అధికారి ఎవరో ముందే తేల్చుకోవాలి.

1966లో చికాగోలో ఇళ్ల అద్దెలు, అమ్మకాల్లో వివక్ష మీద నడిస్తే ఒప్పందం కుదిరింది గానీ, అమలు చేయించే యంత్రాంగం లేక చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. సెల్మా తెచ్చిన చట్టంలోని కీలక సెక్షన్‌నూ 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది.