ఎల్క్ వేటకు ఏ రైఫిల్?

ప్రశ్న: కొలరాడోలో ఉంటున్నాం. ఈసారి ఎల్క్ (జింక జాతి పెద్ద జంతువు) వేటకు లైసెన్సు తీసుకుంటున్నాను. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ (ఎక్కువ శక్తిగల తూటా రకం) పేల్చే రైఫిల్ తప్పనిసరి అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. .30-06 రకం తూటా పేల్చే రైఫిల్ చక్కగా సరిపోతుంది, .308 కూడా. మాగ్నమ్ భుజాన్ని గట్టిగా తంతుంది. ఆ దెబ్బకు జడిసి ట్రిగ్గర్ నొక్కేటప్పుడే ఒళ్లు బిగుసుకుంటే గుండు పొట్టలో దిగుతుంది, జంతువు గంటల తరబడి నరకం చూస్తుంది. అంతకంటే పాపం లేదు.

క్యాలిబర్ (తూటా కొలత) కన్నా బుల్లెట్, అంటే తూటా కొసన ఉండి దూసుకెళ్లే గుండు ముఖ్యం. మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది, భుజం ఎముక మందం. పల్చని రాగి తొడుగున్న బుల్లెట్ దగ్గర దూరంలో ఆ ఎముకకు తగిలి ముక్కలైపోతుంది, ఊపిరితిత్తుల దాకా వెళ్లదు. సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ రకం గానీ, పూర్తి రాగిది గానీ కొనండి. బుల్లెట్ బరువు .30-06కి 180 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత), .308కి 165 బాగుంటాయి. అక్కడి నిబంధన ప్రకారం ఎల్క్‌కు కనీసం 85 గ్రెయిన్ల బుల్లెట్ ఉండాలి, అది తగిలాక విచ్చుకునే రకమై ఉండాలి.

వేటకు వాడే తూటాలతోనే 200 గజాలకు జీరో చేసుకోండి, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే గుండు తగిలేలా సరిచేసుకోండి. బ్రాండు మారిస్తే గురి మారుతుంది, మళ్లీ చూసుకోవాలి. జంతువు పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెనక, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతున కొట్టండి.